కండ్లకలక మందుచీటీ చరిత్ర: ప్యాపిలి ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కండ్లకలక చాలా సందర్భాల్లో దానంతటదే తగ్గే వ్యాధి. అందువల్ల దానికి వాడిన మందులన్నిటికీ ఏదో ఒక కాలంలో మంచి పేరు వచ్చింది. సుశ్రుతసంహిత చెప్పిన ఆశ్చ్యోతనం నుండి నేటి యాంటీబయాటిక్ చుక్కల వరకు ఈ వ్యాధికి వైద్యులు మందు నిర్ణయించిన తీరును ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. మందు ఇవ్వడం కంటే ఏ కంటికి మందు అవసరమో గుర్తించడమే ఈ చికిత్సాచరిత్రలో కీలకమైన అంశమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కండ్లకలక, అభిష్యందం, ఆశ్చ్యోతనం, ఇంటివైద్యం, యాంటీబయాటిక్, ప్యాపిలి, రాయలసీమ.

1. ప్రవేశిక

ప్యాపిలి హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారిపై డోన్, గుత్తి పట్టణాల నడుమ ఉన్న మండలకేంద్రం. 1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన సీమలో ఇదీ ఒక భాగం. ఆంగ్లపాలనలో పత్తికొండ తాలూకాలోనూ, తరువాత చాలాకాలం కర్నూలు జిల్లాలోనూ ఉండి, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలో చేరింది. వర్షాభావం, ఎండ, దుమ్ము ఈ ప్రాంతానికి నిత్యానుభవాలు. ముఖం కడుక్కోవడానికి నీళ్లు చాలని చోట కంటిజబ్బులు వ్యాపించడం వైద్యశాస్త్రం అంగీకరించిన విషయమే. అయినా ఇటువంటి ఊళ్లలో కండ్లకలక చరిత్రాంశంగా పరిశీలనకు రాలేదు. ప్రాణం తీయని జబ్బు కావడం అందుకు ఒక కారణం కావచ్చు. కలరా, ప్లేగు, మశూచి సర్కారు నివేదికల్లోకి ఎక్కినంతగా కండ్లకలక ఎక్కలేదు. దాని చరిత్రను వైద్యగ్రంథాల్లో, ఇంటివైద్యంలో, మందుచీటీల్లో వెతకవలసి ఉంది.

2. పేరులో దాగిన రోగలక్షణం

‘కలక’ అనే మాట ‘కలగు’ ధాతువుతో ముడిపడినది. తేటనీరు కదిలి మురికైనప్పుడు కలకబారింది అంటారు. కంటి తేటదనం పోయి, ఎర్రబారి, పుసి కట్టడాన్ని తెలుగువారు నీటి పోలికతో చెప్పారు. సంస్కృతంలోని ‘అభిష్యందం’ స్రవించడాన్ని సూచిస్తుంది. ఒక పేరు కంటి రూపాన్ని పట్టుకుంది, మరొకటి దాని స్రావాన్ని. కలగిన నీరు కదపకుండా ఉంచితే తేరుకుంటుంది. తెలుగు పేరులోనే వ్యాధి సహజగతి కూడా ధ్వనిస్తుందని చెప్పవచ్చు.

3. ప్రాచీన వైద్యంలో సోకు, చుక్క, నిరీక్షణ

సుశ్రుతసంహిత ఉత్తరతంత్రం 76 నేత్రరోగాలను పేర్కొంది. వాత, పిత్త, కఫ, రక్త భేదాలతో అభిష్యందాన్ని నాలుగు విధాలుగా విభజించి, కంటిజబ్బులకు ఇది మూలమని హెచ్చరించింది. నిదానస్థానంలో కుష్ఠం, జ్వరం, శోషలతోపాటు నేత్రాభిష్యందాన్ని కూడా మనిషి నుండి మనిషికి సంక్రమించే రోగంగా చెప్పింది. తాకిడి, ఊపిరి, సహభోజనం, ఒకే పడక, ఒకే ఆసనం, ఇతరుల వస్త్రాలు, పూలమాలలు, లేపనాలు ఇందుకు మార్గాలని వివరించింది. ఈ జాబితాలో చూపు లేదన్నది గమనార్హం. కండ్లకలక వచ్చినవారి కళ్లలోకి చూస్తే అంటుకుంటుందన్న జనవిశ్వాసం నేటికీ బలంగా ఉంది. నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే ఇతరులకు సోకదన్న భ్రమ దాని నుండే పుట్టింది. నిజానికి వ్యాధిని మోసేది చెయ్యి, తువాలు, దిండుగలేబు. ఈ విషయంలో శాస్త్రగ్రంథం జనవిశ్వాసం కంటే నేటి విజ్ఞానానికి దగ్గరగా ఉంది.

చికిత్సలో సేకం, ఆశ్చ్యోతనం, అంజనం, తర్పణం, పుటపాకం అనే ప్రక్రియలున్నాయి. ఆశ్చ్యోతనమంటే కంట్లో మందును చుక్కలుగా వేయడం. మలినాన్ని తొలగించే లేఖనానికి 7 లేదా 8, మృదుత్వాన్నిచ్చే స్నేహనానికి 10, మాన్పే రోపణానికి 12 చుక్కలని సుశ్రుతుడు లెక్క చెప్పాడు. మందు ఏదో చెప్పడంతో ఆగక, ఎంత, ఎందుకు అని నిర్దేశించడం మందుచీటీ లక్షణం. ఆ లక్షణం అప్పటికే రూపుదిద్దుకుందని దీనివల్ల తెలుస్తుంది. త్రిఫలాలు, తేనె, మానుపసుపు కషాయాన్ని గట్టిపరిచి చేసే రసాంజనం ఈ వైద్యంలో ప్రధాన ద్రవ్యాలు.

మధ్యయుగ వైద్యసంగ్రహాల్లో ప్రసిద్ధమైన మరో సూత్రం ఉంది. కంటిజబ్బు, కడుపుజబ్బు, పడిశం, వ్రణం, జ్వరం అనే ఐదూ ఐదు రాత్రుల లంఘనంతో శమిస్తాయన్నది దాని సారాంశం. వ్యాధి పచ్చిగా ఉన్న తొలిరోజుల్లో అంజనం పెట్టరాదన్న నిషేధం కూడా ఈ దృష్టికి అనుగుణమైనదే. వెంటనే మందు వేయకుండా కాచుకోవడాన్ని ఈ సంప్రదాయం చికిత్సలో భాగంగానే పరిగణించింది.

4. ఇంటివైద్యం: మేలు, కీడు

తెలుగు ఇళ్లలో నందివర్ధనం పూలను మూసిన కనురెప్పలపై పరచడం, తల్లిపాల చుక్క వేయడం, పన్నీటితో కడగడం వాడుకలో ఉన్న పద్ధతులు. చల్లని పూలు మంటను ఉపశమింపజేస్తాయి. వ్యాధి వారంలో తగ్గితే ఆ ఘనత పూలకే దక్కుతుంది. ఇందులో మోసం లేదు, కార్యకారణాల పొరపాటు మాత్రమే ఉంది. అయితే అన్ని పద్ధతులూ నిరపాయకరం కావు. ఒకే కాటుకభరిణెలో ముంచిన వేలితో ఇంటిల్లిపాది పిల్లలకూ కాటుక దిద్దితే, కంటికి రక్షగా భావించిన వస్తువే రోగాన్ని పంచుతుంది. సుశ్రుతుని జాబితాలోని ‘లేపనం’ ఇక్కడ గుర్తుకు రాక మానదు.

5. ఆంగ్లపాలనలో కంటివైద్యం

1819లో మద్రాసులో కంటి ఆసుపత్రి వెలిసింది. లండన్ మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రి 1805లో మొదలైంది. ఆ తరువాత పద్నాలుగేళ్లకే ఇది ఏర్పడింది. కానీ పత్తికొండ తాలూకా రైతుకు మద్రాసు దూరదేశమే. 1924లో మద్రాసు ప్రభుత్వం గ్రామీణ వైద్య సహాయ పథకాన్ని ప్రవేశపెట్టి, పల్లెల్లో స్థిరపడే వైద్యులకు వార్షిక సబ్సిడీ ఇచ్చింది. అంతకుముందే, 1921లో నియమితమైన ఉస్మాన్ సంఘం దేశీయ వైద్యపద్ధతులపై విచారణ జరిపి 1923లో నివేదిక సమర్పించింది. కషాయం, సీసామందు ఒకే ఊళ్లో పక్కపక్కనే నిలిచిన కాలమది.

ఆ కాలపు పాశ్చాత్య వైద్యం చేతిలో బోరిక్ ఆమ్లపు నీళ్లు, జింక్ సల్ఫేటు చుక్కలు, సిల్వర్ నైట్రేటు ఉండేవి. వీటిలో చరిత్ర సృష్టించింది చివరిది. లైప్‌జిగ్ ప్రసూతి వైద్యుడు కార్ల్ క్రెడే 1880 ప్రాంతంలో నవజాత శిశువుల కళ్లలో 2 శాతం సిల్వర్ నైట్రేటు చుక్క వేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అప్పటివరకు పదింట ఒకరికి సోకుతున్న కంటిజబ్బు నూటికి ఒకటి కంటే తక్కువకు పడిపోయింది. పుట్టిన బిడ్డ కండ్లకలక పెద్దవారి కండ్లకలక వంటిది కాదు. ప్రసవమార్గంలో సోకే గనేరియా క్రిమి రోజుల వ్యవధిలో చూపును హరించగలదు. ఒకే పేరుతో పిలిచే జబ్బులో ఏది ఆగగలదో, ఏది ఆగలేదో వేరుచేసి చూపిన తొలి గట్టి ఉదాహరణ ఇది.

6. యాంటీబయాటిక్‌ల యుగం

1940ల నుండి సల్ఫాసిటమైడ్, పెన్సిలిన్, క్లోరాంఫెనికాల్ కంటిమందులుగా వచ్చాయి. ఈ ఘట్టంలో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు స్మరణీయం. ఆయన నాయకత్వంలోని లెడర్లీ పరిశోధనశాల నుండి 1948లో ఆరియోమైసిన్ వెలువడింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆ మందుకు వారసులే కంటిలేపనాలై, ట్రకోమాపై పోరులో ఆయుధాలయ్యాయి. భారతదేశం 1963లో ట్రకోమా నియంత్రణ కార్యక్రమాన్ని చేపట్టింది. 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రకటించింది. ఆ విజయంలో మందుతోపాటు ముఖశుభ్రతకు, నీటి వసతికి భాగముంది.

ఈ విజయాలే మరో అలవాటుకు దారితీశాయి. ఎర్రబడిన ప్రతి కంటికీ యాంటీబయాటిక్ చుక్క రాయడం రివాజైంది. 2005లో బ్రిటన్‌లో 326 మంది పిల్లలపై జరిగిన పరిశోధన ఈ రివాజును ప్రశ్నించింది. ఏడవ రోజుకు క్లోరాంఫెనికాల్ వాడినవారిలో 86 శాతం, మందులేని చుక్కలు వాడినవారిలో 83 శాతం కోలుకున్నారు. నందివర్ధనం పూలకు దక్కిన ఘనత వంటిదే ఈ చుక్కలకూ కొంత దక్కిందని ఆ అంకెలు సూచిస్తున్నాయి.

7. వైరస్ ముందు చుక్కల నిస్సహాయత

దక్షిణాదిన ఈ వ్యాధికి ‘మద్రాస్ ఐ’ అనే పేరు వ్యాపించింది. 1918లో మద్రాసులో దీని వైరస్‌ను కనుగొనడం వల్ల ఆ పేరు వచ్చిందన్న ప్రచారం ఉంది. అడినోవైరస్‌ను తొలిసారి వేరుచేసింది 1953లో కాబట్టి ఆ ప్రచారాన్ని యథాతథంగా స్వీకరించలేం. 1969లో ఘనాలో కొత్తరకం రక్తస్రావ కండ్లకలక బయలుదేరింది. చంద్రయాత్ర జరిగిన ఏడాది కావడంతో అక్కడివారు దానిని ‘అపోలో’ జబ్బు అన్నారు. 1971లో అది భారతదేశానికి చేరింది. తూర్పు బెంగాలు శరణార్థుల రాక సమయం కావడంతో బెంగాలులో ‘జయ్ బాంగ్లా’ అనే పేరు పడింది. జబ్బుకు పొరుగువారి పేరు పెట్టడం కూడా మహమ్మారుల చరిత్రలో భాగమే. 2023 జులై, ఆగస్టు నెలల్లో తెలుగు రాష్ట్రాల బడుల్లో, వసతిగృహాల్లో కండ్లకలక మళ్లీ ప్రబలింది. వైరస్ వల్ల వచ్చే ఈ రూపాలపై యాంటీబయాటిక్ పనిచేయదు.

8. నేటి మందుచీటీ: నిర్ణయ క్రమం

నేటి వైద్యుడు మొదట కారణాన్ని అంచనా వేస్తాడు. నీళ్లు కారుతూ, ఒక కంటి నుండి రెండో కంటికి పాకితే వైరస్‌ను, చిక్కని పుసితో రెప్పలు అతుక్కుంటే బ్యాక్టీరియాను, దురద ప్రధానమైతే అలెర్జీని అనుమానిస్తాడు. మొదటిదానికి చల్లని కాపడం, కన్నీటిని పోలిన చుక్కలు, విడి తువాలు చాలు. రెండోదానికి అవసరాన్నిబట్టి కొద్దిరోజుల యాంటీబయాటిక్ చుక్కలు, మూడోదానికి అలెర్జీ మందు ఇస్తారు. తీవ్రమైన నొప్పి, చూపు మందగించడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డుపై తెల్లమచ్చ, నెల నిండని శిశువు: వీటిలో ఏది కనిపించినా అది సాధారణ కండ్లకలక కాదు. రోగిని వెంటనే కంటివైద్య నిపుణుని వద్దకు పంపాలి.

ప్యాపిలి వంటి చోట ఈ విచక్షణకు ప్రాధాన్యం ఎక్కువ. పైరు కోతలో ఆకు గీరుకొని కంటికి శిలీంధ్రపు పుండు పడినా మొదట కనిపించేది ఎరుపే. దానిని కండ్లకలకగా భావించి, మందులదుకాణంలో స్టెరాయిడ్ కలిసిన చుక్కలు కొని వేస్తే ఎరుపు తాత్కాలికంగా తగ్గి, పుండు లోలోపల ముదురుతుంది. కర్నూలు ప్రాంతీయ కంటి ఆసుపత్రికి చేరేసరికి నల్లగుడ్డు దెబ్బతిని ఉండవచ్చు. ఒకరికి రాసిన సీసాను ఇంటిల్లిపాదీ వాడటంలో ఇటు సోకూ అటు ఈ ప్రమాదమూ కలిసి ఉన్నాయి.

9. ముగింపు

సోకును గుర్తించడం, చుక్కను లెక్కించడం, కొన్నాళ్లు కాచుకోవడం అనే మూడు అంశాలూ ప్రాచీన గ్రంథాల్లోనే కనిపిస్తున్నాయి. ఆధునిక వైద్యం వీటికి కారణభేదాన్ని జోడించింది. క్రెడే చుక్క శిశువుల చూపు కాపాడింది, టెట్రాసైక్లిన్ ట్రకోమాను తగ్గించింది, అదే తరగతి మందు వైరస్ ముందు వ్యర్థమైంది. కనుక కండ్లకలక చికిత్సాచరిత్రను కొత్త మందుల రాకగా మాత్రమే రాస్తే అది అసంపూర్ణం. ‘ఈ కంటికి మందు అవసరం లేదు’ అని రోగికి నచ్చజెప్పగలగడం, అవసరమున్న కంటిని ఆలస్యం చేయకుండా పై ఆసుపత్రికి పంపగలగడం కూడా ఆ చరిత్రలో భాగాలే. గ్రామీణ ఆసుపత్రుల పాత నమోదు పుస్తకాలను, ఇంటివైద్యపు మౌఖిక సంప్రదాయాన్ని ఈ దృష్టితో సేకరిస్తే రాయలసీమ వైద్యచరిత్రకు విలువైన ఆధారాలు లభిస్తాయి.