జేబులో ఇమిడిన స్పానిష్ నిఘంటువు

1492 అనగానే మన విద్యార్థులకు కొలంబసు జ్ఞాపకము వచ్చును. అదే సంవత్సరమున స్పెయిన్ దేశములో ఆంటోనియో డి నెబ్రిహా అను పండితుడు కాస్తీలియా భాషకు, అనగా నేడు మనము స్పానిష్ అను భాషకు, వ్యాకరణమును వెలువరించెను. ఆ యేటనే ఆయన లాటిన్ మాటలకు స్పానిష్ అర్థములు చెప్పు నిఘంటువును కూడ అచ్చు వేయించెను. ఇంగ్లీషువారికి స్పానిష్ నిఘంటువు కావలసివచ్చుటకు మరియొక నూరేండ్లు పట్టినది. 1588లో స్పెయిన్ నౌకాదళము ఇంగ్లండుపైకి దండెత్తి వచ్చినది. మూడేండ్లు తిరుగకముందే, 1591లో, రిచర్డ్ పెర్సివల్ లండనులో స్పానిష్ మాటలకు ఇంగ్లీషు, లాటిన్ అర్థములతో ఒక నిఘంటువు ప్రకటించెను. శత్రువు వ్రాసిన ఉత్తరము చదువవలెనన్నను నిఘంటువు కావలెను గదా! 1599లో జాన్ మిన్‌షూ దానిని పెంచి, ఇంగ్లీషునుండి స్పానిష్‌కు వెళ్ళు భాగమును కూడ చేర్చెను.

ఆ తరువాత పుస్తకములు పెరుగుచు పోయినవి. 1713లో స్థాపితమైన స్పానిష్ రాజకీయ అకాడమీ 1726 మొదలు 1739 వరకు ఆరు సంపుటములుగా తన మొదటి నిఘంటువును వెలువరించినది. అట్టి సంపుటమును ఒళ్ళో పెట్టుకొని చదువుటయే కష్టము. జేబులో వేసికొనుట మాట చెప్పనక్కరలేదు.

జేబులోనికి వచ్చినది 1978-79 సంవత్సరములలో. అమెరికాలో లెక్సికన్ అను సంస్థ ఎల్.కె. 3000 అను యంత్రమును, క్రెయిగ్ సంస్థ ఎం 100 అను యంత్రమును ఇంచుమించు ఒకే కాలమున అమ్మకమునకు పెట్టినవి. చూచుటకు లెక్కలు చేయు కాలిక్యులేటరువలెనే యుండును. మీటలపై అంకెలకు తోడు అక్షరములుండును. స్పానిష్‌కు ఒకటి, ఫ్రెంచికి ఒకటి చొప్పున చిన్న పెట్టెలను కొని, ఏ భాష కావలెనన్న ఆ పెట్టెను యంత్రములో తగిలించుకొనవలెను. ఒక మాటను మీటలపై కొట్టినచో దానికి సరియైన రెండవ భాషలోని మాట కనబడును. అంతే. ఆ మాట నామమా క్రియయా, ఏ సందర్భమున వాడవలెను అను గొడవ అందులో లేదు.

ఎందుచేత లేదో లెక్క వేసి చూతము. రెండువేల స్పానిష్ మాటలకు రెండువేల ఇంగ్లీషు మాటలు జత చేయవలెననుకొందము. మాటకు సగటున 7 అక్షరములన్నచో జతకు 14. కంప్యూటరులో అక్షరమునకు మామూలుగా 8 బిట్లు కేటాయింతురు. 14ను 8తో, ఆపైన 2,000తో హెచ్చింపగా 2,24,000 బిట్లు అయినది. ఆ రోజుల మెమొరీ చిప్పులకు ఇది పెద్ద బరువు. కావున అక్షరమునకు 5 బిట్లే ఇచ్చి పొదుపు చేయవచ్చునా? 5 బిట్లతో 32 వేర్వేరు గుర్తులు ఏర్పడును. ఇంగ్లీషు అక్షరములు 26. స్పానిష్‌కు ప్రత్యేకమైన, ఎన్ పై అలవంటి గీత గల అక్షరము ఒకటి, మొత్తము 27. నొక్కి పలుకుటకు గీటు పెట్టిన అచ్చులు ఐదు. మొత్తము సరిగా 32. పెట్టె నిండిపోయినది! రెండు చుక్కల యు అక్షరమునకు చోటు లేదు. మాటకు మాటకు నడుమ ఖాళీకి చోటు లేదు. మాట ముగిసినదని చెప్పు గుర్తుకును లేదు. ఇట్టి ఇరుకులో అర్థభేదములకు, ఉదాహరణ వాక్యములకు చోటెక్కడ?

ఆ గీత గల అక్షరమును వదలివేసిన నష్టమేమని అడుగవచ్చును. స్పానిష్‌లో 'కాన' అనగా నెరసిన వెంట్రుక. 'కాన్య' అనగా రెల్లుకాడ. రెంటికి వ్రాతలో భేదము ఆ గీత ఒక్కటే. ఆ అక్షరపు ధ్వని మనకు కొత్తది కాదు. మన ఞ అదియే. దాని పుట్టుక ఇంకను మనకు దగ్గర. లాటిన్‌లో రెండు ఎన్‌లు పక్కపక్కన వచ్చినపుడు లేఖకులు చోటు మిగుల్చుటకై రెండవదానిని మొదటిదాని నెత్తిన చిన్నదిగా వ్రాసిరి. మనము ఒత్తును క్రింద వ్రాయుదుము, వారు పైన వ్రాసిరి. కాలక్రమమున అది వంకరగీతగా మిగిలినది.

అమెరికాలో 1963లో కంప్యూటరులకు నిర్ణయించిన ఆస్కీ సంకేతములలో దీనికి స్థానము లేదు. 1987 నాటి అంతర్జాతీయ ప్రమాణములో దానికి 241వ సంఖ్య దొరికినది. జెడ్ అక్షరమునకు 122. కావున సంఖ్యలను చూచి వరుస పెట్టు మొరటు యంత్రము ఆ అక్షరమును జెడ్‌కు వెనుక తోసివేయును. నిఘంటువులో దాని చోటు ఎన్ తరువాత. ఈ అక్షరముపై రాజ్యముల నడుమ తగవు కూడ వచ్చినది. ఆ మీట లేని యంత్రములను అమ్మరాదని స్పెయిన్ నియమము పెట్టగా, అది స్వేచ్ఛావ్యాపారమునకు అడ్డమని 1991లో ఐరోపా ఆర్థిక సమాజము ఆక్షేపించినది. 1993లో స్పెయిన్ సంస్కృతి రక్షణ పేర మరల శాసనము చేసి తన మీటను నిలుపుకొన్నది.

అక్షరక్రమము మాట వచ్చినది కనుక మరొక వింత. సి, హెచ్ కలిసిన 'చ'ను, రెండు ఎల్‌లను స్పానిష్ నిఘంటువులు చాలకాలము వేరు అక్షరములుగా లెక్కించినవి. అందుచేత పాలు అను అర్థము గల 'లేచే' (మన లేచుటతో దీనికి సంబంధము లేదు) చదువు అను అర్థము గల 'లెక్తూర'కు తరువాత వచ్చెడిది. 1994లో స్పానిష్ అకాడమీల సమావేశము ఈ వరుసను మార్చగా 'లేచే' ముందునకు వచ్చినది. 2010లో ఆ రెండును అక్షరమాలనుండియే తొలగినవి. క్షకారమును వర్ణమాల చివర వల్లె వేయించి, పలు నిఘంటువులలో కకారము క్రింద వెదకించు మనకు ఈ చిక్కు బాగుగా బోధపడును. పాత పుస్తకము చేతబట్టిన విద్యార్థి మాట కనబడక లేదనుకొనును. యంత్రమున ఈ బాధ లేదు. మాట కొట్టిన చాలును. వరుస సరిగా నున్నచో సగములు చేయుచు వెదకుట దానికి క్షణములో పని. అకాడమీ 2014లో ప్రకటించిన 23వ కూర్పులో 93,111 ఆరోపములున్నవి. ఇందులో ఏ మాటనైనను 17 పోలికలలో పట్టవచ్చును. 2ను 17 మారులు హెచ్చించిన 1,31,072 వచ్చును గదా.

మాట్లాడు యంత్రముల కథ వేరు. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో పాల్ బ్రీడ్‌లవ్, జీన్ ఫ్రాంట్జ్, రిచర్డ్ విగ్గిన్స్, లారీ బ్రాంటింగ్‌హామ్ అను నలుగురు 1978లో పిల్లలకు వర్ణక్రమము నేర్పు బొమ్మను తెచ్చిరి. కంఠధ్వనిని ఉన్నదున్నట్లు దాచుటకు సెకనుకు 64,000 బిట్లు కావలసియుండగా, గొంతును ఒక గొట్టముగా భావించి ఆ గొట్టపు ఆకారము మారుతీరును మాత్రమే దాచి, వేయి పన్నెండువందల బిట్లతో సరిపెట్టిరి. మరుసటి యేడు అదే సంస్థ మాట్లాడు అనువాదయంత్రమును అమ్మినది.

ఫ్రాంక్లిన్ సంస్థ చరిత్ర నాకు మరింత రుచించును. అది 1980 దశకము మొదట ఆపిల్ కంప్యూటరునకు నకళ్ళు చేసి అమ్మినది. ప్రోగ్రాములను కాపీ చేసినందుకు ఆపిల్ వ్యాజ్యము వేయగా, 1983లో అమెరికా అప్పీలు న్యాయస్థానము ఆపిల్ పక్షమున తీర్పు చెప్పినది. కూలిన సంస్థ 1986లో వర్ణక్రమము దిద్దు చిన్న యంత్రముతో మరల లేచి, తరువాత మెరియమ్-వెబ్‌స్టర్ వంటి ప్రచురణకర్తల నిఘంటువులను అనుమతితో యంత్రములలో పెట్టి అమ్మి బ్రదికినది. దీనితో పద్ధతి మారినది: మాటల జాబితా పోయి నిఘంటువు మొత్తము జేబులోనికి వచ్చినది. జపానులో సైకో, కాసియో సంస్థలు ఇదే మార్గమున నడచినవి. 2007లో ఐఫోన్ వచ్చిన పిదప ఈ పనిని టెలిఫోనులు చేయసాగినవి. విడి యంత్రముల విపణి క్షీణించినది. అయినను సందేశముల మోత లేని యంత్రము చదువుకొను పిల్లవానికి మంచి తోడు అనియే నా అభిప్రాయము.

యంత్రమైనను టెలిఫోనులోని నిఘంటువైనను ఎంచుకొనుట యెట్లు? పెట్టెపై అచ్చు వేసిన మాటల సంఖ్యను నమ్మి కొనుట చీర బరువు చూచి కొనుటవంటిది. నాలుగు మాటలు కొట్టి చూడవలెను. మొదట 'సూపే'. తెలియుట అను 'సబేర్' క్రియకు ఇది భూతకాలరూపము: నాకు తెలిసినది అని అర్థము. పాత యంత్రములు ఇట్టి రూపములను ఎరుగవు. ఒక్క స్పానిష్ క్రియకు ఆరు పురుషవచనములలో ఎనిమిది వరుసల రూపములు, 48, లెక్కకు వచ్చును. వేయి క్రియలకు 48,000. అన్నింటిని దాచుటకంటె చివరి ప్రత్యయమును కోసి మూలమును పట్టు సూత్రములను, అపవాదముల పట్టికను దాచుట మేలు. 'తెచ్చాడు' నుండి 'తెచ్చు'నకు పోలేని తెలుగు నిఘంటువు పరదేశికి ఎంత ఉపయోగమో, ఇది లేని స్పానిష్ యంత్రము మనకంతే. తరువాత 'ఫ్వీ' అని కొట్టవలెను. ఇది 'ఉండుట', 'వెళ్ళుట' అను రెండు క్రియలకును భూతకాలము. రెంటిని చూపవలెను.

మూడవది 'కపితాల్'. పుంలింగమున పెట్టుబడి, స్త్రీలింగమున రాజధాని. లింగము చెప్పని యంత్రమును పక్కన పెట్టుడు. పిమ్మట తప్పు వర్ణక్రమముతో కొట్టుడు. స్పానిష్‌లో బి, వి అక్షరములకు ధ్వని ఒక్కటే, హెచ్ పలుకదు. ఆవును 'బాకా' అందురు, కాని వి తో వ్రాయుదురు. బి తో వ్రాసినచో కారు పైకప్పున సామాను కట్టు చట్రమగును. చెవితో విని వెదకువానికి రెంటిని చూపునదే పనికివచ్చును.

తెలుగు విద్యార్థి విషయమున ఇంకొకటి కలదు. హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయములో స్పానిష్ నేర్పుచున్నారు. అచ్చట చదువు మన పిల్లలు సాధారణముగా ఇంగ్లీషు అను నడిమి వంతెనపైనుండియే స్పానిష్‌కు పోవుదురు. ఇంగ్లీషులో 'ఈజ్' ఒక్కటే. స్పానిష్‌లో 'సేర్', 'ఎస్తార్' అని రెండు. ఈ రెండు క్రియల వద్ద ఇంగ్లీషువాడు ఏండ్లతరబడి తడబడును. మనమో 'ఆమె ఉపాధ్యాయిని' అని క్రియ లేకుండ చెప్పి, 'ఆమె ఇంటిలో ఉన్నది' అని క్రియతో చెప్పుదుము. మొదటి వాక్యమునకు సేర్, రెండవదానికి ఎస్తార్. పోలిక అన్నిచోట్ల నడువదు: 'ఆమె పొడుగుగా ఉన్నది' అని మనము ఉన్నది చేర్చినచోట వారు సేర్ వాడుదురు. అయినను మొదటి మెట్టున ఇంగ్లీషు దాచివేసిన భేదము తెలుగులో బయటపడి కనబడుచునే యున్నది. యంత్రములో 'ఎస్తార్' కొట్టి, ఉదాహరణ వాక్యములు వచ్చునేమో చూడుడు. వచ్చినచో ఒక్కొక్క వాక్యమునకు ప్రక్కన కాగితముపై తెలుగు వాక్యము వ్రాసికొనుడు. ఆ గడిని మనమే నింపుకొనవలెను.