రంజన్ నీళ్లు

మా ముసలోళ్లు రాగిరేకు ముచ్చట చెప్తుంటే చిన్నప్పుడు నవ్వేవాళ్లం. తర్వాత పుస్తకాల్లో అదే చదివాం. 1630 ప్రాంతంలో షాజహాన్ వజీరు అసఫ్ ఖాన్ దక్కన్ మీదికి దండెత్తి వచ్చినప్పుడు సైన్యానికి ధాన్యం మోసినవి భంగి, జంగి నాయకుల తండాలు. వాళ్ల ఎడ్లు 1,80,000 అంటారు. అన్ని ఎడ్లు ఒకచోట దిగితే వాగు కూడా చాలదు. అందుకే అసఫ్ ఖాన్ రాగిరేకు మీద బంగారు అక్షరాలతో హక్కు రాసిచ్చాడని ప్రతీతి. ఎక్కడా నీళ్లు దొరక్కపోతే రైతుల ఇంటి రంజన్‌లోంచి తీసుకోవచ్చు. ఆ రంజన్ నింపిన ఇల్లాలిని మాత్రం ఎవరూ అడిగినట్టు లేదు.

ఎడ్ల మీద సరుకు మోసే లదేణి నడిచినంత కాలం కరువు మమ్మల్ని కట్టేయలేదు. ఒకచోట నీళ్లు ఎండితే ఇంకోచోటికి తోలుకుపోయాం. 1874లో వాడి-సికింద్రాబాద్ రైలు వచ్చింది. ఉప్పు, ధాన్యం రైలెక్కాయి, మేం నిలిచిపోయాం. చెరువు కింది మాగాణి అప్పటికే ఒకరిది. మాకు దొరికింది గుట్ట వార, రాళ్ల చెల్క.

దేవరకొండ వైపు చూడండి. 1955లో నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీళ్లు పల్లానికి, మిర్యాలగూడ వైపు పోయాయి. జలాశయం చందంపేట పక్కనే ఉన్నా తండాలు మిట్ట మీద ఉన్నాయి. బావి ఎండితే బోరు, బోరు ఎండితే ఇంకా లోతు బోరు. రాతిలోంచి వచ్చిన నీళ్లలో ఫ్లోరైడ్. పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకరపోయాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మాత్రం దేశదేశాల్లో నల్లగొండ టెక్నిక్ అని పేరొచ్చింది.

తండాల్లో జనం పెరిగారు, అందుకే నీళ్లు చాలట్లేదంటారు. పెరిగాం, కాదనం. పది ఇళ్లకు తవ్విన బావి మీద మునిమనవళ్లు కూడా పడ్డారు. కానీ లెక్కల్లో కనబడే పెరుగుదలంతా కాన్పులది కాదు. తెలంగాణలో మాకు 1977 దాకా ఎస్టీ గుర్తింపు లేదు. 1971 లెక్కల్లో ఆ పట్టికలో లేనివాళ్లం 1981లో ఒక్కసారిగా కనబడ్డాం. పక్క రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. దాని మీద తోటి ఆదివాసులకు మాతో పేచీ ఉంది, అది వేరే వ్యాసం. 2011 నాటికి ఇక్కడ 20 లక్షలు దాటాం. అయినా బిందెలతో మేం తాగేదెంత, వరికి, బత్తాయి తోటలకు బోర్లు తోడేదెంత? ఆ బోర్లలో మావీ ఉన్నాయి, అప్పు చేసి వేసినవి.

శ్రావణంలో తీజ్‌కు మా పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. వానలేని ఏడు కూడా ఆ నీళ్లు తగ్గించం. ట్యాంకర్ వచ్చిన రోజు మొదటి బిందె వాటికే.