బ్యాటరీ దిగిపోయిన కారు తాళం తీయడం

కారు బ్యాటరీలో విద్యుత్తు పూర్తిగా తగ్గిపోయినప్పుడు రిమోట్ మీట నొక్కినా తలుపుల తాళాలు తెరుచుకోవు. వాడుకలో దీనిని "బ్యాటరీ దిగిపోవడం" లేదా "బ్యాటరీ డౌన్ అవడం" అంటారు. అటువంటి కారు తలుపును లోహపు తాళంచెవితో తీసి, బ్యాటరీకి మరల విద్యుత్తు అందించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. రిమోట్ తాళం గల కార్లలో దాదాపు అన్నింటికీ విద్యుత్తు అవసరం లేని మార్గం ఒకటి ఉంటుంది. అది ఎక్కడ ఉన్నదో తెలియకపోవడమే తరచుగా ఇబ్బందికి, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయానికి కారణమవుతుంది.

చరిత్ర

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 వంటి కార్లలో తాళంచెవి తిప్పగానే తలుపు లోపలి కడ్డీలు కదిలి గడియ తెరుచుకునేది. తాళానికి, బ్యాటరీకి సంబంధం ఉండేది కాదు. రిమోట్‌తో తెరుచుకునే తాళం 1982లో ఫ్రాన్సు దేశపు రెనో ఫ్యూగో కారుతో వాడుకలోకి వచ్చింది. దానిని రూపొందించిన పాల్ లిప్‌షుట్జ్ పేరు మీదుగా ఫ్రెంచివారు కారు రిమోట్‌ను "ప్లిప్" అని పిలుస్తారు. రిమోట్ జేబులో ఉండగా మీట నొక్కకుండానే తలుపు తెరుచుకునే పద్ధతి 1990ల చివరలో మెర్సిడెస్-బెంజ్ ఎస్-క్లాస్ కార్లలో వచ్చింది. తరువాతి కాలంలో ఇది మధ్యతరగతి వారు కొనే కార్లకు కూడా విస్తరించింది.

పనిచేసే విధానం

ఈ తాళంలో రెండు బ్యాటరీల పాత్ర ఉంటుంది.

మొదటిది రిమోట్‌లోని నాణెం ఆకారపు లిథియం సెల్. సాధారణంగా వాడే సీఆర్ 2032 రకం సెల్ 3 వోల్టులది. దాని వ్యాసం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు. మీట నొక్కినప్పుడు రిమోట్ ఒక రహస్య సంకేతాన్ని రేడియో తరంగాల ద్వారా పంపుతుంది. భారతదేశంలోను, ఐరోపాలోను ఇందుకు 433.92 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాన్ని ఎక్కువగా వాడతారు.

రెండవది కారులోని 12 వోల్టుల సీసపు-ఆమ్ల బ్యాటరీ. ఇందులో సుమారు 2.1 వోల్టుల చొప్పున ఆరు గదులు ఉంటాయి. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. రిమోట్ సంకేతాన్ని అందుకునే పరికరం, తలుపులోని గడియను కదిలించే చిన్న మోటారు ఈ బ్యాటరీ మీదనే ఆధారపడతాయి. కనుక రెండు బ్యాటరీలలో ఏది దిగిపోయినా మీటకు కారు స్పందించదు.

ఏ బ్యాటరీ దిగిపోయిందో తెలుసుకోవడం

లోహపు తాళంచెవితో తలుపు తీయగానే లోపలి దీపం మామూలుగా వెలిగితే లోపం రిమోట్ సెల్‌లో ఉండవచ్చు. దీపం వెలగకపోయినా, మసకగా వెలిగినా కారు బ్యాటరీ దిగిపోయిందని భావించవచ్చు. రెండవ రిమోట్‌తో తాళం తెరుచుకున్నట్లయితే మొదటి రిమోట్ సెల్ మార్చితే చాలు.

రిమోట్ సెల్ మాత్రమే దిగిపోయినప్పుడు, లోహపు తాళంచెవితో తలుపు తీస్తే కొన్ని కార్లలో దొంగతనాన్ని హెచ్చరించే హారన్ మోగుతుంది. ఇంజను స్టార్ట్ చేయగానే అది ఆగుతుంది. స్టార్ట్ బటన్ గల కార్లలో రిమోట్‌ను ఆ బటన్‌కు గాని, తయారీదారు సూచించిన చోట గాని ఆనించి ఉంచితే సెల్ లేకున్నా కారు దానిని గుర్తిస్తుంది. రిమోట్‌లోని చిన్న చిప్పుకు కావలసిన శక్తి అప్పుడు కారు నుండే అందుతుంది.

కారణాలు

కారు నిలిపి ఉన్నప్పటికీ గడియారం, అలారం, తాళపు పరికరం కొద్దిపాటి విద్యుత్తును వాడుతూనే ఉంటాయి. ఉదాహరణకు 35 ఆంపియర్-గంటల బ్యాటరీ నుండి నిరంతరం 50 మిల్లీ ఆంపియర్లు ఖర్చయితే 700 గంటలలో, అనగా సుమారు 29 రోజులలో అది ఖాళీ అవుతుంది. 5 వాట్ల లోపలి దీపం వెలుగుతూ ఉండిపోతే అదే బ్యాటరీకి మూడున్నర రోజులు, 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలుగుతూ ఉంటే నాలుగు గంటల లోపు మాత్రమే పడుతుంది. ఆచరణలో సెల్ఫ్ మోటారు అంతకంటే ముందే మొరాయిస్తుంది.

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైన తరువాత వారాల తరబడి కదలని కార్లలో ఈ సమస్య విరివిగా కనిపించింది. ఎండ తీవ్రత కూడా బ్యాటరీ ఆయుష్షును తగ్గిస్తుంది. రామగుండం, రెంటచింతల వంటి వేడి ప్రాంతాలలో ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తాళం తీసే పద్ధతి

1. రిమోట్ పక్కన లేదా వెనుక ఉండే చిన్న మీటను జరిపి, లోపల దాగి ఉన్న లోహపు తాళంచెవిని బయటకు లాగాలి.
2. డ్రైవరు వైపు తలుపు పిడి దగ్గర తాళపు రంధ్రం కోసం చూడాలి. అది కనిపించకపోతే పిడి చివర ప్లాస్టిక్ మూత కింద ఉండవచ్చు. మూత అడుగున ఉన్న సన్నని చీలికలో తాళంచెవి కొనను ఉంచి మెల్లగా పైకి లేపితే మూత ఊడి వస్తుంది. కొన్ని కార్లలో ఇందుకు పిడిని ముందుగా లాగి పట్టుకోవాలి.
3. తాళంచెవిని పూర్తిగా లోపలికి పెట్టి తిప్పాలి. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయరాదు. తాళంచెవి విరిగితే పని మరింత కష్టమవుతుంది.
4. విద్యుత్తు లేనందున మిగిలిన తలుపులు వాటంతట అవి తెరుచుకోవు. లోపలి నుండి ఒక్కొక్కటిగా తీయాలి.
5. బానెట్ తెరిచే మీట డాష్‌బోర్డు కింద ఉంటుంది. చాలా కార్లలో ఇది తీగతో పనిచేస్తుంది కనుక దీనికి విద్యుత్తు అక్కరలేదు.

డిక్కీ తాళం విద్యుత్తుతో పనిచేసేదైతే, వెనుక సీటు మడిచి లోపలి నుండి డిక్కీని చేరుకోవచ్చు. జంపర్ కేబుళ్ళను డిక్కీలో దాచుకున్నవారికి ఇది తెలిసి ఉండాలి.

బ్యాటరీకి విద్యుత్తు అందించడం

మరొక కారు సహాయంతో స్టార్ట్ చేయునప్పుడు రెండూ 12 వోల్టుల బ్యాటరీలు కావాలి. కార్లు ఒకదానికొకటి తగలరాదు. రెండింటినీ ఆపి ఉంచి, ఎర్ర కేబుల్‌ను మొదట దిగిపోయిన బ్యాటరీ ధన ధ్రువానికి, తరువాత మంచి బ్యాటరీ ధన ధ్రువానికి తగిలించాలి. నల్ల కేబుల్‌ను మంచి బ్యాటరీ ఋణ ధ్రువానికి తగిలించి, రెండవ కొనను దిగిపోయిన కారులో బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇంజను లోహభాగానికి తగిలించాలి. బ్యాటరీ నుండి వెలువడే హైడ్రోజన్ వాయువుకు నిప్పురవ్వ తగలకుండా ఈ ఏర్పాటు చేస్తారు. సహాయక కారును స్టార్ట్ చేసి కొద్ది నిమిషాలు ఆగి, ఆ తరువాత రెండవ కారును స్టార్ట్ చేయాలి. కేబుళ్ళను వ్యతిరేక క్రమంలో తీయాలి.

మినహాయింపులు

కొన్ని కార్లలో తలుపులకు బయట తాళపు రంధ్రం ఉండదు. అమెరికాలో తయారైన ఆరవ తరం షెవర్లే కార్వెట్‌లో ఆ రంధ్రం కారు వెనుక భాగంలో ఉంటుంది. డిక్కీ తెరిచి అందులోని పట్టీని లాగితే తలుపు తెరుచుకుంటుంది. టెస్లా మోడల్ 3లో లోహపు తాళంచెవి లేదు. ముందు బంపరులోని చిన్న మూత వెనుక ఉన్న రెండు తీగలకు బయటి నుండి 12 వోల్టులు అందిస్తే ముందు బానెట్ తెరుచుకుంటుంది. దీనివలన బ్యాటరీ ఛార్జి కాదు, దానిని చేరుకొనే దారి మాత్రమే ఏర్పడుతుంది.

లోపల మనుషులు ఉన్నప్పుడు

2015 జూన్‌లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం పోర్ట్ ఆర్థర్ పట్టణంలో 72 సంవత్సరాల వ్యక్తి ఒకరు తన 2007 నాటి కార్వెట్‌లో చిక్కుకొని, పెంపుడు కుక్కతో సహా వేడికి మరణించారు. బ్యాటరీ కేబుల్ ఊడిపోవడంతో తలుపుల బటన్లు, హారన్ పనిచేయలేదు. విద్యుత్తు లేకుండా తలుపు తెరిచే మీట సీటు పక్కన నేల మీదనే ఉన్నది.

చాలా కార్లలో లోపలి పిడిని ఒకసారి లేదా రెండుసార్లు లాగితే తలుపు తెరుచుకుంటుంది. వెనుక తలుపులకు చైల్డ్ లాక్ వేసి ఉంటే ముందు సీటులోకి వచ్చి ప్రయత్నించాలి.

మూసి ఉన్న కారులో వెలుపల 22 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పటికీ, ఎండలో ఒక గంటకు లోపల సుమారు 47 డిగ్రీలకు చేరగలదు. ఈ పెరుగుదలలో అధిక భాగం మొదటి అరగంటలోనే జరుగుతుంది. కనుక పిల్లవాడు లోపల ఉండి తలుపు వెంటనే రానిచో మెకానిక్ కోసం వేచి ఉండరాదు. 112కు ఫోన్ చేసి, పిల్లవానికి దూరంగా ఉన్న పక్క అద్దాన్ని మూల వద్ద గట్టి వస్తువుతో పగలగొట్టాలి. ముందరి అద్దం పొరలతో చేసినది కనుక సులభంగా పగలదు.

అపోహలు

* ఇంట్లో ఉన్న రిమోట్‌ను ఫోన్ దగ్గర నొక్కితే దూరాన ఉన్న కారు తెరుచుకుంటుందనే ప్రచారం ఉంది. ఫోన్ శబ్దాన్ని చేరవేస్తుంది. రిమోట్ పంపేవి రేడియో తరంగాలు. కనుక ఇది సాధ్యం కాదు.
* తలుపు సందులో ఇనుప పట్టీ దూర్చి గడియ లాగడం పాత కార్లకు చెల్లింది. కొత్త కార్లలో దీనివలన తలుపు లోపలి తీగలు దెబ్బతినే అవకాశం ఉంది.

ముందు జాగ్రత్తలు

* కారు కొన్న రోజునే లోహపు తాళంచెవితో తలుపు ఒకసారి తీసి చూడాలి. వాడని రంధ్రం బిగుసుకుపోతుంది కనుక ఏడాదికి రెండుసార్లయినా ఇలా చేయడం మంచిది.
* ఇంటిలో కారు నడిపే వారందరికీ ఈ పద్ధతి చూపించాలి.
* రెండవ రిమోట్‌ను కారులో కాక ఇంటిలో ఉంచాలి.
* కారును చాలా వారాలు కదిలించని పక్షంలో బ్యాటరీ ఋణ ధ్రువపు కేబుల్ తీసి ఉంచవచ్చు. అయితే ఆ తరువాత తలుపులను లోహపు తాళంచెవితోనే మూసి, తీయవలసి ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* సీసపు-ఆమ్ల బ్యాటరీ
* తాళం
* రేడియో తరంగాలు
* వడదెబ్బ