అప్పులిచ్చే కంపెనీకి ఎసొంటి హెచ్‌ఆర్ పార్టనర్ కావాలె?

మైక్రో ఫైనాన్స్ కంపెనీలల్ల, చిన్న బ్యాంకులల్ల ఫీల్డ్ ఆఫీసర్ కొలువులకు మన ఊర్ల పిల్లలు మస్తుమంది పోతున్నరు. బండేసుకొని కిస్తీల వసూళ్లకు తిరుగుతరు. కొందరు ఏడాది గాకముందే ఇడిచిపెట్టి ఇంటికొస్తరు. కొన్ని ప్రైవేటు బ్యాంకులు, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులల్ల మూడేండ్ల సగటు చూస్తే ఏటా 25 శాతం దాకా కొలువులిడుస్తున్నరని రిజర్వ్ బ్యాంకే 2024 డిసెంబర్ నివేదికల రాసింది. ఎందుకు పోతున్నరని అడగాల్సిన మనిషే హెచ్‌ఆర్ బిజినెస్ పార్టనర్.

మామూలు హెచ్‌ఆర్‌ల జీతాలు, సెలవులు, పీఎఫ్ కాయితాలు చూస్తరు. బిజినెస్ పార్టనర్ మాత్రం బ్రాంచీలు నడిపే పెద్దసార్ల పక్కన కూసోని ఎంతమందిని తీసుకోవాలె, ఇన్సెంటివ్ దేనికియ్యాలె అన్న ముచ్చట్ల సలహా చెప్తరు. అమెరికా ప్రొఫెసర్ డేవ్ అల్రిచ్ 1997ల రాసిన పుస్తకంతోని ఈ ఆలోచనకు బాగ పేరొచ్చింది.

సబ్బులమ్మే కంపెనీల టార్గెట్ ఎక్కువైతే సరుకు మిగులుతది. అప్పులిచ్చే కంపెనీల ఎక్కువైతే కట్టలేని ఇంటి మీద అప్పు పడతది. 2010ల వసూళ్ల వేధింపుల మీద గొడవ ముదిరి, ఉమ్మడి రాష్ట్ర సర్కార్ అక్టోబర్‌ల ఆర్డినెన్స్ తెచ్చింది. రిజర్వ్ బ్యాంక్ 2022 రూల్స్ ప్రకారం ఇంటి అప్పుల కిస్తీలన్నీ కలిపి నెల ఆమ్దానీల సగం దాటొద్దు. మైక్రో ఫైనాన్స్ వసూలుకు పొద్దుగాల 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత పోవద్దు. కానీ ఇన్సెంటివ్ రాత్రి తిరిగినోనికే దక్కితే, రూల్ కాయితం మీదనే ఉంటది.

అందుకే ఈ కొలువుకు మనిషిని తీసుకునేటప్పుడు సర్టిఫికెట్లు చూస్తే సాలదు. ఇంటర్వ్యూల మూడు సంగతులు అడగాలె.

ఒకటి: మంచిగ వసూలు చేసే మేనేజర్ కింద పిల్లలు నిలుస్తలేరు, ఏం చేస్తరు? ముందు ఆ బ్రాంచికి పోయి, మానేసినోళ్లతోని మాట్లాడుతనన్న మనిషి నయం.

రెండు: మస్తు బిజినెస్ తెచ్చేటోని మీద ఫిర్యాదొస్తే పెద్దసారుకు ఎట్ల చెప్తరు? ఇంతకుముందు చెప్పిన సందర్భం ఒక్కటన్నా అడగాలె.

మూడు: కీలకమైన సీట్లల్ల ఉన్నోళ్లకు ఏడాదికోసారి, ముందుగ చెప్పకుంట, కనీసం 10 పనిదినాలు సెలవియ్యాలని బ్యాంకులకు రూల్ ఎందుకుంది? సీట్ల ఇంకొకరు కూసుంటే దాచిన మోసం బయటపడతది. ఇది తెలిసినోళ్లకు ఈ ధందా తెలిసినట్టే.

ఫీల్డ్‌ల తిరిగిన తమ్ముళ్లు, చెల్లెండ్లు కూడ ఈ కుర్చీకి ఎదగొచ్చు. చదువు తోడుండాలె. కానీ కిస్తీ కట్టలేనింటి ముంగట నిలబడ్డ అనుభవం ఏ కాలేజీల దొరకది. కంపెనీలు దానికి గూడ మార్కులెయ్యాలె.