అన్నం సయించని జబ్బు, ఆరోగ్యవరం

అన్నం సయించడం లేదని రోగి చెబితే డాక్టరు కేసు షీటులో రాసే మాట అనొరెక్సియా. గ్రీకులో ‘ఒరెక్సిస్’ అంటే కోరిక, ఆకలి. ముందున్న ‘అన్’ అది లేదని చెబుతుంది. ఇంగ్లీషులో 16వ శతాబ్దం చివరి నుంచి ఈ మాట వాడుకలో ఉంది. 1873లో లండన్ వైద్యుడు విలియం గల్ దానికి ‘నెర్వోసా’ చేర్చి, మనసు వికటించి తిండి మానేసే జబ్బుకు పేరుగా పెట్టాడు. అప్పటినుంచి మామూలు జనానికి ఆ రెండో అర్థమే ఎక్కువ తెలుసు. ఆయుర్వేదంలో ఈ రెండూ ఒకే గూటివి. చరకసంహితలోని ఐదు రకాల అరోచకాల్లో, అంటే అన్నం సయించని స్థితుల్లో, ఒకటి శోకం, భయం, కోపం వల్ల వచ్చేది. రాజయక్ష్మ, అంటే క్షయ, లక్షణాల్లోనూ అరోచకం ఉంది.

అప్పటి చిత్తూరు జిల్లాలో ఆ లక్షణంతో దశాబ్దాలపాటు కుస్తీ పట్టిన చోటు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం. 1911లో జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె తాలూకా కడప నుంచి ఇటు వచ్చింది. గాలి పొడిగా, ఎండ మితంగా ఉండే ఆ మెట్టప్రాంతంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి 1915లో క్షయ శానిటోరియం తెరిచాయి. డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దాన్ని నడిపించాడు.

క్షయకు మందు లేని కాలమది. శానిటోరియం వైద్యమంటే ఆరుబయట గాలి, మంచం దిగని విశ్రాంతి, బలమైన తిండి. చిక్కంతా ఆ మూడోదానితోనే. సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతుంది, నోరు చప్పబడుతుంది, పాలు చూస్తేనే వెగటు. క్రిమితో పోరాడే శరీరం విడుదల చేసే రసాయనాలే ఆకలిని చంపి కండను కరిగిస్తాయి. వాటిలో ఒకదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన ఒక పేరు కాకెక్టిన్, చిక్కి శల్యం చేసేదని. అందుకే శానిటోరియాల్లో థర్మామీటరుకు ఎంత విలువో బరువు తూచే యంత్రానికీ అంతే. తూకం పెరిగితే రోగి గట్టెక్కుతున్నట్టు లెక్క.

మందులు వచ్చాక ఈ లెక్కను సందేహంలో పడేసింది మద్రాసు. అక్కడి క్షయ చికిత్సా కేంద్రం 193 మంది రోగుల్లో కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇరుకు ఇళ్లలోనే ఉంచి, అందరికీ ఏడాదిపాటు ఐసోనియాజిడ్, పాస్ అనే మందులిచ్చింది. 1959లో ఫలితాలు వెలువడ్డాయి. మంచి తిండి దొరికిన శానిటోరియం రోగులు బరువైతే ఎక్కువ పెరిగారు, కానీ జబ్బు నయం కావడంలో ఇంటి దగ్గరివాళ్లు పెద్దగా వెనకబడలేదు. క్రిమిని చంపింది మందే. తిండి దండగని దీనికి అర్థం కాదు. బక్కచిక్కినవాడికి క్షయ సులువుగా సోకుతుందన్నది ఇప్పటికీ నిజమే.

అయితే ఆ పాస్‌తోనూ తిప్పలే. రోజుకు గ్రాముల కొద్దీ మింగాల్సిన ఆ మందు కడుపులో తిప్పి, వచ్చిన కాస్త ఆకలినీ పోగొట్టేది. చాలామంది నడుమ మానేసేవారు. తర్వాత థయాసిటజోన్, ఎథాంబ్యుటాల్ వచ్చి దాన్ని పక్కకు నెట్టాయి.