నిర్దోషి తీర్పుపై సర్కారు అప్పీలు ఏ కోర్టుకు?

ముద్దాయి నిర్దోషి అని కోర్టు తేల్చాక ప్రభుత్వం అతణ్ణి మళ్లీ బోనెక్కించవచ్చా? 1861 నాటి తొలి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కుదరదంది. ఇంగ్లండులోనూ అప్పట్లో జ్యూరీ వదిలేసినవాడి మీద సర్కారుకు అప్పీలు లేదు. పదకొండేళ్లు తిరిగేసరికి, వైస్రాయి కౌన్సిల్లో లా మెంబరు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ హయాంలో వచ్చిన 1872 కోడ్ ఆ తలుపు తీసింది. తమ దేశంలో తమకు లేని అధికారాన్ని పాలకులు ఇక్కడ తీసుకున్నారన్నమాట. అయితే ఆ తలుపు ఒక్క హైకోర్టులోకే తెరుచుకునేది. 1898 కోడ్‌లోని 417వ సెక్షను కూడా అదే మాట చెప్పింది. రాజమండ్రిలో మేజిస్ట్రేటు కొట్టేసిన కేసైనా సర్కారు అప్పీలు మద్రాసు వెళ్లాల్సిందే. 1954 తర్వాత గుంటూరు, 1956 తర్వాత హైదరాబాదు, 2019 నుంచి అమరావతి. ఊళ్లు మారాయి గాని, చాలాకాలం కోర్టు స్థాయి మారలేదు.

హైకోర్టు ఒక్కటే వినడం నిర్దోషికి రక్షణ అని చాలామంది నమ్మకం. నాకు మాత్రం అసలు రక్షణ వేరేచోట కనిపిస్తుంది. 1934లో షియో స్వరూప్ కేసులో, అప్పట్లో ఆఖరి అప్పీలు వినే లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, సాక్ష్యాన్నంతా తిరగతోడే అధికారం హైకోర్టుకు ఉందంది. కాకపోతే సాక్షులను కళ్లారా చూసిన జడ్జి అభిప్రాయానికి, కింది కోర్టు తీర్పుతో మరింత బలపడిన నిర్దోషిత్వ భావనకు విలువ ఇచ్చి తీరాలంది. 1973 కోడ్‌లోని 378వ సెక్షను ఇంకో అడుగు ముందుకేసి, హైకోర్టు ముందుగా అనుమతిస్తే తప్ప సర్కారు అప్పీలు విచారణకు రాకూడదని నిబంధన పెట్టింది. పసలేని అప్పీలును గుమ్మంలోనే ఆపేది ఈ అనుమతే.

2005 సవరణ 2006 జూన్ 23 నుంచి దారిని రెండుగా చీల్చింది. కాగ్నిజబుల్ (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) నేరంలో మేజిస్ట్రేటు నిర్దోషిగా వదిలేస్తే, జిల్లా మేజిస్ట్రేటు, అంటే మామూలుగా కలెక్టరు, ఆదేశంతో పబ్లిక్ ప్రాసిక్యూటరు సెషన్స్ కోర్టుకు వెళ్తారు. మిగతావాటికి రాష్ట్ర ప్రభుత్వ ఆదేశం, హైకోర్టు, ముందస్తు అనుమతి. సెషన్స్ కోర్టులో ఆ అనుమతి అడగనక్కర్లేదు. ఫలితం చూడండి. పది వేల రూపాయల ఫోను దొంగతనానికి ఇప్పుడు గరిష్ఠ శిక్ష మూడేళ్లు. ఆ కేసు పోతే అప్పీలు జిల్లాలోనే. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా శిక్ష ఉన్నా అది బెయిలబుల్ నేరం, కాబట్టి సర్కారు హైకోర్టుకే పోవాలి. బెయిలు ఇవ్వాలా వద్దా అన్న లెక్కతో అప్పీలు కోర్టును నిర్ణయించడం నాకు సబబనిపించదు.

చిన్న కేసుల్లో సర్కారు మనిషిని వెంటాడకుండా దారి కష్టంగా ఉంచడమే మేలని ఒక వాదన. ఆ జాగ్రత్త అవసరమే. కానీ మూడేళ్ల దొంగతనం కేసులో అనుమతి తీసేసి, ఐదేళ్ల కేసులో ఉంచితే ఆ జాగ్రత్త ఎవరిని కాపాడినట్టు? పైగా 2009 డిసెంబరు 31 నుంచి బాధితులకూ అప్పీలు హక్కుంది. అది శిక్ష మీద అప్పీలు వినే కోర్టుకే వెళ్తుంది. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న భార్య సెషన్స్ కోర్టుకు, అదే తీర్పు మీద ప్రభుత్వం హైకోర్టుకు. హైకోర్టు భారం తగ్గించాలంటే కేసులను పంచక తప్పదన్నది మరో వాదన. నేనూ ఒప్పుకుంటాను. అయితే శిక్ష మీద అప్పీలు వినే కోర్టే విడుదల మీద అప్పీలూ వినాలి. ముందస్తు అనుమతి రెండుచోట్లా ఉండాలి. అప్పుడు భారమూ తగ్గుతుంది, ముద్దాయికి రక్షణా మిగులుతుంది.

2024 జూలై 1న 1973 కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఈ చిక్కు విప్పే వీలుండింది. 378వ సెక్షను 419 అయింది. బెయిలబుల్, నాన్ బెయిలబుల్ గీత మాత్రం ఉన్నచోటే ఉంది.