దీపం తోలు లోపలికి చేరిన కథ

తోలుబొమ్మకు రంగులేసేవాళ్లు ఆయిల్ పెయింటు జోలికి పోరు. అది ఎండితే వెలుతురును అడ్డుకుంటుంది. చేతిలో ఎంత ముచ్చటగా ఉన్న బొమ్మయినా తెర మీదికి వెళ్లేసరికి నల్లటి మచ్చగా మిగులుతుంది. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో మేకతోలు, సిరా, పల్చటి రంగులు, ఉలులు అన్నీ కలిపి పనిచేసే కళాకారులకు అసలు సరుకు వెలుతురే. నగరాల గ్యాలరీల్లో ‘మిక్స్‌డ్ మీడియా’ అంటున్నది ఇక్కడి ఇళ్లలో తాతల నాటి పని. దానికి వేరే స్టూడియో ఏమీ ఉండదు. ఇంటి వరండాలో చాప పరిస్తే చాలు.

పచ్చితోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఎండబెడతారు. చెప్పుల తోలులాగా పదును చెయ్యరు. అలా చేస్తే మెత్తబడుతుంది గానీ వెలుగు దూరదు. ఎండిన తోలు మీద ముందు సిరాతో గీత, ఆ తర్వాత ఉలి. గుండ్రటి మొన ఒకటి, అర్ధచంద్రం ఒకటి, కోసుగా ఉండేది మరొకటి. రాముడి మెడలోని ముత్యాల హారాన్ని దగ్గర నుంచి చూస్తే ముత్యం ఉన్నచోట రంగూ లేదు, తోలూ లేదు. ఉలితో కొట్టి తీసేసిన చిల్లు అది. దాని గుండా దీపం నేరుగా కంటికి తగిలినప్పుడే అక్కడ ముత్యం పుడుతుంది. ఎర్రా పచ్చా రంగులను తోలుకు రెండువైపులా పూస్తారు. రావణుడి బొమ్మకు ఒక తోలు చాలదు, నాలుగైనా కావాలి. పాతకాలంలో దేవుళ్లకూ వీరులకూ జింకతోలు వాడేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మేకతోలే అందరికీ దిక్కయింది, రాముడికైనా రాక్షసుడికైనా.

ఈ గీత ఎక్కడిదో వెతకాలంటే హిందూపురం దాకా వెళ్లాలి. అక్కడికి దగ్గర్లోనే లేపాక్షి. పదహారో శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ కట్టించిన వీరభద్రాలయం పైకప్పు నిండా చిత్రాలే. పక్కకు తిరిగిన ముఖాలు, నల్లటి గట్టి అంచు గీత, బట్టల మీద ఖాళీ వదలని నకాషీ. తోలుబొమ్మలకూ ఇవే పోలికలు. ఎవరు ఎవరిని చూసి నేర్చుకున్నారన్న వాదులాట నాకు అనవసరం. 1565 తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారిన ఈ నేలమీద చిత్రకారుడూ బొమ్మలాటగాడూ ఒకే రామాయణాన్ని చెప్పుకున్నారు, అంతే. సున్నపు గోడ మీది రంగు వెలుగును వెనక్కి కొడుతుంది, తోలు మీది రంగు వెలుగును లోపలికి రానిస్తుంది. వెలుగుతో ఇలా ఆడే పని ఇక్కడి నేతలోనూ ఉంది. ధర్మవరం పట్టుచీరల మగ్గం మీద నిలువు పోగు ఒక రంగు, అడ్డపోగు ఇంకొకటి. చీర కదిలితే ఛాయ మారుతుంది. లేపాక్షి నకాషీ ఈ పట్టుచీరల అంచుల్లోకీ ఎక్కింది.

బొమ్మలాటలో దీపం కూడా కాలంతో మారుతూ వచ్చింది. మొదట ఆముదం దీపాలు. మంట ఊగితే తెర మీద బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టే ఉండేది. తర్వాత పెట్రోమాక్స్ వచ్చింది, ఆపైన కరెంటు బల్బు. రంగులు బాగా తేలాయి, ఆ ఊపిరి మాత్రం తగ్గింది. రాత్రంతా సాగే ఆటలో నిద్రపట్టే వేళకు హాస్యపాత్రలైన జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి బూతులూ చమత్కారాలూ గుప్పించి జనాన్ని లేపేవారు. తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. ఆట ఆడించేవాళ్లు తగ్గారు. బొమ్మ చేసే చెయ్యి ఖాళీగా కూర్చుంది.

ల్యాంప్‌షేడ్ పుట్టింది ఆ ఖాళీలోనే. ఇనుప తీగతో చట్రం కట్టి, తడితోలును దాని చుట్టూ కప్పి దారంతో కుడతారు. ఎండేకొద్దీ తోలు బిగుసుకుని మద్దెల మూతలాగా నిలుస్తుంది. అప్పుడే దాని మీద బొమ్మ వేస్తారు. వినడానికి తేలిక, చెయ్యడానికి కాదు. తరతరాలుగా చదునుగా ఉన్న తోలు గుండ్రంగా మారింది. కీళ్లు పోయాయి, వెదురుపుల్లలు పోయాయి, హనుమంతుడు ఎగరడం మానేశాడు. తెర వెనక ఉండే దీపం బొమ్మ కడుపులోకి వచ్చింది. కథ ఒక సన్నివేశానికి కుంచించుకుపోయిందని పెద్దలు బాధపడితే కాదనలేను. కానీ ఉలి పట్టడం మరవకుండా కుటుంబాలను నిలబెట్టింది ఈ మార్పే. ‘లేపాక్షి’ పేరుతో నడిచే ప్రభుత్వ హస్తకళల దుకాణాల్లో ఇప్పుడు పట్నవాసులు కొనేదీ ఈ ల్యాంప్‌షేడ్‌నే.

ఆటనూ బొమ్మనూ రెంటినీ వదలని కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపూ ఉంది. కొనేవాళ్లకే ఒక మాట చెప్పాలి. చాలామంది రాముడి బొమ్మకు ఫ్రేము కట్టించి గోడకు తగిలిస్తారు. అలా పెడితే హారంలోని ముత్యాల్లో గోడ సున్నమే కనబడుతుంది. ఆ బొమ్మను తీసి కిటికీకి కట్టండి, లేదా వెనక చిన్న బల్బు పెట్టండి.